నలభై మూడు పెన్నులు

ఠాణాలో బల్ల మీద పరిచాను,
నలభై మూడు.
హవల్దారు ఒకటి తీసి
అరచేతి మీద గీసి చూశాడు.
"ఎ కొణొ, పెన్ కి?"
కాదు బాబూ, పొగ అన్నాను.
పొగ కాదు, ఆవిరి అని దిద్దుకున్నాను.
ఆయన కాసేపు కాగితాన్ని చూసి
"పెన్ను వంటివి, 43" అని ఒడియాలో రాసి
ముద్ర కొట్టి రసీదిచ్చాడు.

బరంపురం కోర్టుపేటలో నా కొట్టు
నాలుగడుగుల వెడల్పు. పొడుగు అడక్కండి,
కుర్చీ వేస్తే నా కాళ్లు రోడ్డు మీద.
కింద మొబైల్ కవర్లు, ఇయర్‌ఫోన్లు,
పైన గాజు అరలో ఇవి,
కలకత్తా రైల్లో బట్టల మూటల నడుమ పడుకుని వచ్చినవి.
బిజిపురంలో మా పిన్ని చీటీ పాడి ఇచ్చిన డబ్బు.
సీసాల మీద పుదీనా, కాఫీ, మామిడిపండు,
ఒకదాని మీద
ఈ ఊళ్లో ఎవరూ తిననిదేదో పండు.

కూర్మయ్య మావ జాకెట్ల టైలరు.
నలభై ఏళ్ల బీడీ.
మిషను తొక్కుతుంటే
ఏది దగ్గో ఏది కుట్టో తెలిసేది కాదు.
ఓసారి పెళ్లిజాకెట్టు మీద నిప్పురవ్వ పడింది.
ఆ నెల కూలంతా ఆ చిల్లులోంచి పోయింది.
అందుకు కొన్నాడు,
ఊపిరితిత్తుల కోసం కాదు, పట్టు కోసం.
"ఆవిరిపుల్ల" అని పేరెట్టి
సుద్దముక్కలా చెవి మీద దోపుకు తిరిగేవాడు.
ఏడు నెలలు బీడీ ముట్టలేదు.
అది మంచిదో చెడ్డదో, నేను డాక్టర్ని కాను.
బట్టకి చిల్లు పడలేదు. అంతవరకూ చూశాను.

ఇంకొకడున్నాడు.
వాడి సంగతి ఠాణాలో చెప్పలేదు.
భుజాన స్కూలు సంచి, మీసం రాని మూతి.
"అన్న తెమ్మన్నాడు" అన్నాడు.
అన్న లేడని నాకు తెలుసు.
కరెంటు బిల్లుకి ఆ రోజే ఆఖరి తేదీ.
మామిడి సీసా ఇచ్చాను.
మళ్లీ వచ్చాడు. మళ్లీ ఇచ్చాను.
మూడోసారి వాళ్లమ్మ వచ్చింది.
తిట్టలేదు.
సీసా మూత తీసి వాసన చూసి
"గుంటడు మావిడిపండు తింటన్నాడనుకున్నాను బాబూ" అని
బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

చట్టం టీవీలో వచ్చింది.
వార్తలు చదివే అమ్మాయి
అరనిమిషంలో నా గాజు అర ఖాళీ చేసేసింది.
కోపం రావలసిన చోట
ఆ అమ్మ మొహం అడ్డం నిలబడింది.

కోపం తర్వాత వచ్చింది,
పక్క పాన్ డబ్బాలో సాహు
సిగరెట్ పెట్టెలు రంగులవారీగా పేర్చుకుంటుంటే.
పెట్టె మీద కుళ్లిన గొంతు బొమ్మ,
దాని కింద ధర.
ఆ గొంతు అమ్ముకోవచ్చు.
నా పుదీనా అమ్ముకోకూడదు.
పిల్లలకి అమ్మకురా అని ఒక గీత గీసి ఉంటే
ఆగేవాణ్ణి కదా అనుకున్నాను.
అనుకుని, నోరు మూసుకున్నాను.
ఆ గీత గియ్యడానికి నాకు ఢిల్లీ ఎందుకు?

"బేగి ఒకటి సూడరా" అని
కూర్మయ్య మావ నాలుగుసార్లు వచ్చాడు.
ఇచ్ఛాపురంలో దొరకదా అన్నాడు.
గేటు దాటితే బస్సు బోర్డు మీద అక్షరాలు మారతాయి మావా,
చట్టం మారదు అన్నాను.
రైలు స్టేషను వెనక సందులో ఎవడో
పేరు లేని సీసా మూడింతల ధరకి అమ్మాడట.
రెండు పీల్పులకే గొంతు మండి
కాలవలో పారేశాడు.
ఆ సాయంత్రం సాహు డబ్బా దగ్గర కనబడ్డాడు.
నన్ను చూసి బీడీకట్ట
జేబులో కాదు, గుప్పిట్లో దాచాడు,
నేనేదో వాళ్ల నాన్నన్నట్టు.

పిన్నికి ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి.
రసీదు గాజు అరలోనే ఉంది, పైన ఛార్జర్లు.

మొన్న మావ కొట్టుకి వెళ్లాను.
మిషను మీద ఎర్రజాకెట్టు,
భుజం దగ్గర మళ్లీ రవ్వ పడింది.
ఈసారి చిల్లు మీద
జరీదారంతో చిన్న పువ్వు కుట్టాడు.
జాకెట్టు తాలూకు అమ్మాయి చూసి
రెండో భుజానికి కూడా
ఒకటి వెయ్యమందట.