ఎన్ని ఇంచుల పైపు

మున్సిపల్ ఆఫీసు మీటింగు హాల్ల
రెండు బల్లలు కలిపి, వాటి మీద ఒక ఊరిని పెట్టిన్రు.
థర్మాకోల్ ఊరు. ఆరువందల నలభై ఇండ్లు,
అన్నింటికీ ఒక్కటే ఎర్ర పెంకు,
పుల్లంత చెట్లు, గోరంత కార్లు,
నడుమ అరచెయ్యంత నీలం గాజుముక్క.
అది ఈతకొలనట.

నేను తలుపు పక్కన నిలబడ్డ.
చండూరుల పదేండ్ల సంది నీళ్లిడిసేది నేనే.
వాల్వు తిప్పే ఇనుప తాళంచెవి
పెండ్లికి పోయినా నా బండి డిక్కీల ఉంటది.
ఏ గల్లీకి ఎన్ని నిమిషాలో నోటికొచ్చు:
పద్మశాలోళ్ల వాడకు నలభై,
మసీదు ఎనుక ముప్పై అయిదు,
మెరక మీదున్న కాలనీకి గంట ఇడిసినా
చివరి నల్లాకు దారం పోగే.

కంపెనీ సారు మెల్లగ మాట్లాడిండు, మంచిగనే మాట్లాడిండు.
రోడ్డొస్తదన్నడు, బడొస్తదన్నడు,
"మీ ఊరికొక అడ్రసొస్తది" అన్నడు.
ఇన్నొద్దులు మాకు ఉత్తరాలెట్ల చేరినయో
ఎవ్వరూ అడగలే.

తాపీ మేస్త్రి ఖాజామియా లేసిండు:
"నాలుగేండ్ల పని సారూ. నా పిల్లగాండ్లు
తెల్లారంగనే హైదరాబాదు బస్సెనుక ఉరకరు."
అది అబద్ధం కాదు.
కడారి మల్లమ్మ బొమ్మ సుట్టు ఒక సుట్టు తిరిగి
"గా పడావుల వానకాలమంత నా మేకలు మేస్తయి,
మీరు మేకలను పెట్టుడు మర్సిన్రు" అన్నది.
అందరు నవ్విన్రు. సారు కూడ నవ్విండు,
నవ్వుకుంటనే రాసుకున్నడు.

నేను అడగొద్దు. నాది ఔట్‌సోర్సింగు కొలువు.
కని నాలికె ఊకోలే:
"సారూ, గీ ఊరికి ఎన్ని ఇంచుల పైపు?
యాడికెల్లి తెస్తరు?"
సారు ఇంజనీరు దిక్కు సూసిండు,
ఇంజనీరు కమిషనర్ దిక్కు,
కమిషనర్ ఫ్యాను దిక్కు.
"ప్రతిపాదనల ఉంది" అన్నరు.
ప్రతిపాదనల నీళ్లకేం తక్వ,
ఎండకాలం గూడ ఎండయి.

ఇగ, కావాలనేటోళ్లు చేతులెత్తమన్నరు.
ముందు వరుసల ఎర్రగోని నర్సయ్య.
కృష్ణ నీళ్లు మా గల్లీకి తిరిగే యాళ్లకే
బోరునీళ్లు ఆయన ఎముకలను బిగిచ్చినయి.
మెడ తిప్పాల్నంటే మనిషే తిరగాలె.
ఆయన చెయ్యి లేసింది,
ఛాతీ దాక వచ్చింది,
ఆడ్నే నిలబడ్డది.
లెక్క రాసే పిల్ల ఆయనను దాటి
ఎనుక వరుసకు పోయింది.

బయటికొచ్చినంక అడిగిన,
"తాతా, నువ్వు కావాలన్నవా, వద్దన్నవా?"
"ఉన్నోళ్ల ఇండ్లొస్తే పెద్ద పైపొస్తది గదరా.
దాని పక్కపొంటి మనకొక సన్నది పడకపోతదా?
మేం అడిగితే ముప్పై ఏండ్లకచ్చినయి నీళ్లు.
వాళ్లు ఫోన్ జేస్తే అస్తయి."

ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.
పెద్ద పైపు రావచ్చు.
దాని తాళంచెవి ఎవని డిక్కీల ఉంటదో!

తీర్మానం వచ్చే నెలకు పడ్డది.
థర్మాకోల్ ఊరు హాల్లనే ఉన్నది.
ఊడ్సే సైదమ్మ ఒక చెట్టు పీకి
మనుమరాలికి ఆడుకొనిచ్చింది.
ఈతకొలను మీద ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన్రు,
గుండ్రంగ మరక పడ్డది.

ఇయ్యాల అయిదింటికి గుంతల దిగి తిప్పుతున్న.
పైపు ముందుగాల దగ్గింది,
గాలిడిసింది, అటెనుక నీళ్లు.
మల్లమ్మ కడపల నిలబడి
"ఏం జేసిన్రురా ఆఖరికి?" అన్నది.
"ముందు బిందె పెట్టు" అన్న,
"మాటలల్ల ఆరు నిమిషాలు పాయె."