నూట నలభై తొమ్మిది గంటల పరామర్శ

ముప్ఫై ఆరేళ్ళు
నేను మనుషుల్ని గాలిలో దాటించాను.
చియాతూరా లోయ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి
నాలుగున్నర నిమిషాలు.
ఇనప పెట్టెలో ఎనిమిది మంది,
మోకాలికి మోకాలు తగులుతూ
చూపుకి చూపు తగలకుండా.
గని దిగి వచ్చేవాళ్ళ రెప్పల మీద మాంగనీసు మసి,
అందరూ ఒకే ఇంటి కాటుక పెట్టుకున్నట్టుండేవాళ్ళు.
అయినా ఎవరూ ఎవర్నీ పలకరించేవాళ్ళు కాదు.
తలుపు తీసి "జాగ్రత్త, మెట్టు" అనేదాన్ని.
లెక్కేస్తే నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే.

గ్రంథాలయంలో బర్బరే అనే పిల్ల,
కంప్యూటర్ ఖాళీగా ఉంటే ఎత్తుకుపోతారని దాని భయం,
నా పేరు ఎక్కించింది.
"ఎతేరీ అత్తా, ఒక బొమ్మ, అయిదు వాక్యాలు, అంతే.
ఎవరికి చేరుతుందో నువ్వు ఎంచుకోలేవు.
వంద కిలోమీటర్లకి గంట చొప్పున వెళ్తుంది కార్డు."
అదేమిటే, రెప్పపాటులో పోతుందిగా?
"పోగలదు. పోనివ్వరు."
ఆ మాట నచ్చి కూర్చున్నాను.

తుప్పు పట్టిన పెట్టె బొమ్మ పెట్టి, ఒక వేలితో కొట్టాను:
నా పదిహేడో నంబరు వానకోయిల ఆగిపోయి నాలుగేళ్ళు.
తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది.
ఇవాళ ఇక్కడ ఎండ.
మీరెవరు?
నాలుగే అయ్యాయి. అయిదోది తోచలేదు.

జవాబు చిలీ నుంచి.
చిలోయే అనే దీవి,
ఇంటి గోడలకి చెక్క పెంకులు చెక్కే రెమీహియో బార్రియా.
బొమ్మంతా బూడిద రంగు. వానట.
యంత్రం తిప్పి చెప్పింది అతని మాట:
"అమ్మా, మీ కోయిల పదిహేడేళ్ళకే ఆగిపోయిందని చదివి
ఉలి కింద పెట్టేశాను.
మా తమ్ముడు సముద్రానికి వెళ్ళి ఇరవై రెండేళ్ళు.
వాడి గది తాళంచెవి నేనూ పారెయ్యలేదు.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

నవ్వాను ముందు.
బర్బరే కూడా నవ్వింది, బల్ల మీద తల పెట్టుకుని.
ఆ చివరి వాక్యం దగ్గర
ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ పెట్టె ఆగిన రోజు
ఎవరో వచ్చి సీలు వేశారు, ఎవరో సంతకం తీసుకున్నారు.
"అయ్యో ఎతేరీ" అన్నవాడు లేడు.
ఇప్పుడు భూగోళం అడుగు నుంచి ఒక మనిషి
లేని కూతురి కోసం పరామర్శకొచ్చాడు,
తన దుఃఖాన్ని చేతిసంచిలో పెట్టుకుని.
దాన్ని ఎలా తిప్పి పంపను?

అయినా అబద్ధం మీద కూర్చుని కాఫీ తాగలేం.
రాశాను: క్షమించండి, కూతురు కాదు, ఇనప పెట్టె.
ఆ కార్డు నడిచినన్నాళ్ళూ
నాకు అన్నం సయించలేదు.
అరవయ్యో గంటకి ఏ సముద్రం మీదుందో.
నూటపదో గంటకి వెనక్కి రమ్మనాలనిపించింది.
చేరి ఉంటుంది.
ఆపైన రెండు వారాలు ఏమీ లేదు.

తర్వాత ఒక బంగాళాదుంప వచ్చింది.
సగానికి కోసింది, లోపల ఊదా రంగు, అతని బొటనవేలు పక్కన.
"రెండు రోజులు సిగ్గుపడ్డాను. తర్వాత నవ్వాను.
పరామర్శ మాత్రం వెనక్కి తీసుకోను.
మా ఇంట్లో పడవ పోయినా కొవ్వొత్తి పెడతాం.
మీ పెట్టెలో కూర్చుంటే ఏం కనిపించేది?"

మూడేళ్ళు ఆ కిటికీ తుడిచే పని కూడా నాదే.
అయినా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

నిన్న తాళం తీశాను.
కిర్రుమంది, తెరుచుకుంది.
తలుపులోంచి లోయని ఫోటో తీసి,
అయిదింట్లో ఒకే వాక్యం రాసి వదిలాను:
జాగ్రత్త, మెట్టు.

ఇప్పుడు ముప్ఫై ఎనిమిదో గంట.