రొట్టె అయ్యాక నొక్కే మీట

బల్లరాట్‌లో జూలై. అద్దం మీది మంచు గీకి
కారు తీసేసరికి వేళ్లు నావి కావు.
ఈ ఊళ్లో నోరీన్ ట్రెజైజ్ రొట్టెల కొట్టుకి
ఆప్ రాసిచ్చింది నేనే.
సగం డబ్బులు, సగం రొట్టెలు, అదీ మా ఒప్పందం.

మొదట అంతా దానంతటదే జరిగేట్టు పెట్టాను.
ఆరున్నర కాగానే
రెండొందల పన్నెండు ఫోన్లు ఒక్కసారిగా గణగణమనాలి:
"వేడివేడిగా, ఇప్పుడే పొయ్యిలోంచి!"
గడియారానికి పొయ్యి సంగతి ఏం తెలుసు?
చలికి పిండి పొంగని రోజున కూడా
ఆరున్నర ఆరున్నరకే అయింది.
చీకట్లో, ఉన్ని టోపీల్లో, ఖాళీ సంచుల్తో
పదిహేడు మంది నిలబడ్డారు.
లోపల పచ్చి పిండి, బయట పచ్చి కోపం.

తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మని చూసి
చిన్నప్పుడు పడీపడీ నవ్వాను.
నేను చేసింది అంతకంటే ఘనకార్యం:
తెల్లారకుండానే కూసే కోడి.

"నాకో మీట పెట్టు" అంది నోరీన్,
"రొట్టె చేతికొచ్చాక నేనే నొక్కుతా."
పెట్టాను.
ఇక కబురు రోజుకో వేళకి వెళ్లేది.
ఆరూ నలభై ఒకటి. ఏడూ మూడు.
ఓ సోమవారం ఆరుంబావుకే, పాపం నిద్ర పట్టలేదేమో.
సర్వర్‌లో ఆ అంకెలు వరసగా చూస్తే
ఆవిడ మోకాలి నొప్పి చదవొచ్చు.

తర్వాత ఒక ఫిర్యాదు:
"ఊరందరికీ గంట వినిపిస్తుంది, నాకు తప్ప."
చూస్తే, ఆవిడ ఆప్‌ని పొద్దస్తమానం తెరిచే ఉంచుతుంది.
మూసి ఉంటే ఫోనే తలుపు తట్టి చెబుతుంది.
తెరిచి ఉంటే కబురు చప్పుడు లేకుండా లోపలికొచ్చి
మనం రాసిన కోడ్ ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది,
చూపిస్తావో మింగేస్తావో నీ ఇష్టం అని.
"తీసున్న తలుపుని ఎవరు తడతారు నోరీన్?" అన్నాను.
"తట్టకపోతే మానె, పలకరించొద్దూ?"
ఆ పలకరింపు నాలుగు వరసలు.
రాసిచ్చాను, ఆవిడ ఫోనుకి మాత్రం.

ఆవిడకి చెప్పకుండా ఇంకోటి కూడా రాశాను.
ఏడున్నర దాకా మీట కదలకపోతే
నాకొక్కదానికే కబురు రావాలి: "ఇంకా నొక్కలేదు."
డెబ్బై ఒకటేళ్ల మనిషి. ఒక్కతే. అంత పొయ్యి.

ఆగస్టులో ఒక గురువారం
నేను ఆప్ తెరిచి, మీట ఎరుపైతే బాగుంటుందా
నారింజైతేనా అని తేల్చుకోలేక కూర్చున్నాను.
ఏ చప్పుడూ లేదు. ఎంత హాయి అనుకున్నాను కూడా.
ఎనిమిదిన్నరకి లాగ్ చూశాను.
కబురు ఏడున్నరకే వచ్చింది, క్షణం తేడా లేకుండా.
తెరిచిన నా తలుపులోంచి వచ్చి
గంట సేపు నా ఎదురుగానే నిలబడి ఉంది.
ఆ నాలుగు వరసలు
నాకోసం రాసుకోలేదు నేను.

స్టర్ట్ స్ట్రీట్‌లో ఎర్ర దీపాలు ఎన్ని దాటానో గుర్తులేదు.
కొట్లో లైటు వెలుగుతోంది.
నోరీన్ పిండి బస్తా మీద కూర్చుని టీ తాగుతోంది.
పక్కన ట్రేలో ఇరవై నాలుగు బొగ్గులు.
"కునుకు పట్టింది. దీన్నేమని చాటమంటావు?
నీ మీటకి ఒక్క మాటే కదా వచ్చు."

నువ్వెందుకొచ్చావని అడగలేదు.
నల్లటి రొట్టె ఒకటి విరిచి
మధ్యలో మిగిలిన తెల్లటి ముద్ద నా చేతిలో పెట్టింది.
ఇంకా వెచ్చగానే ఉంది.
నేను నిలబడే, ఒక చేత్తో, ఆ మాట మార్చాను.
ఆవిడ మసి వేలితో నొక్కింది.

ఈసారి నా ఫోను మూసి ఉంది.
జేబులోంచి తట్టింది:
"మాడాయి. టీ ఉంది. రండి."