మొదటి గుక్క

పొద్దున ఆరింటి పడవలో నది దాటతాను.
నెత్తిమీద కర్రపెండలం రొట్టెల బుట్ట,
నడుముకి చుట్టిన గుడ్డలో చిల్లర.
ఎన్‌కర్నాసియోన్ నుంచి పొసాదాస్‌కి
ఇరవై నిమిషాల నీళ్లు.
ఎలీహియోకి మాత్రం పంతొమ్మిదేళ్లు.

ఇవతలి ఒడ్డున రేకుల గదిలో
కిటికీకి వీపు పెట్టి కూచుంటాడు.
ఇక కిటికీ ఎందుకయ్యా అంటే
"గాలి రావొద్దూ?" అన్నాడు.
చీకటిపడ్డాక మా ఊరి దీపాలు
నీళ్లమీద సాగి సాగి
ఇతని గుమ్మం దాకా వస్తాయి, చూడడు.

ఇనప మంచం మూడు గోడలకీ తిరిగింది.
నాలుగో గోడకి తలుపుంది.
ఏ గోడకి మారినా తల మాత్రం మా ఊరి వైపే.
కుక్కని పెంచుకోడు.
ముందు దాన్ని చంపుతారు, అంటాడు,
ఆ పాపం కూడా నాకెందుకు?

ఒకప్పుడు ఇతని పేరు వింటే
పంచదార మిల్లులో మరలు ఆగిపోయేవట.
ఇప్పుడు మీసంలో రొట్టెపొడి ఇరుక్కుంటే
తుడుచుకోమనేదాన్ని నేనొక్కదాన్ని.

అవతలి రేవులో ఒక సార్జెంటు ఉన్నాడు.
బుట్టమీద గుడ్డ తొలగించి
రొట్టె ఒకటి తీసుకుని, నములుతూ,
"ముసలాడు ఎటు తలపెట్టి పడుకుంటున్నాడు?" అంటాడు.
రొట్టెలమ్ముకునేదాన్ని, పడకల సంగతి నాకేం తెలుసు?
నవ్వుతాడు. మా పిల్లాడి బడి
ఎన్నింటికి వదులుతారో అడుగుతాడు.
అడగడమే గానీ, అతనికి తెలుసు.

మొన్న మంగళవారం "ఉత్తరం" అనేశాను.
ఉత్తరమంటే ఏముంది,
వేడిగాలి వచ్చే దిక్కు, అంతేగా.
పడవ ఒడ్డు తాకేదాకా
అదే చిల్లర మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను.

ఎండ మండిపోతోంది. ఐసునీళ్లలో పుదీనా నలిపి
కొమ్ముకప్పులో తెరెరే కలిపాను.
మా దగ్గర కలిపినవాళ్లే ముందు తాగాలి.
మొదటి గుక్క చేదు. మొదటి గుక్క సాక్ష్యం.
పంతొమ్మిదేళ్లుగా
ఎవరో ఒకరు ముందు మింగితేనే
అతను కప్పు ముట్టేది.

ఆవేళ నా చేతిలోంచి తీసుకుని
తనే ముందు తాగాడు, అడుగంటేదాకా.
నమ్మకమా? నాకలా అనిపించలేదు.
చాలాదూరం నడిచొచ్చినవాడు
ఎవరి అరుగో చూసుకోకుండా
కూలబడినట్టుంది.

కప్పు తిరిగిచ్చాడు. మీసం తనే తుడుచుకున్నాడు.
"నికాసియా, మంచం కాస్త జరుపుదాం, పట్టు."

అటు కొస నేను, ఇటు కొస అతను.
ఎటువైపుకని నేనడగలేదు.
బరువు మంచం. గచ్చుమీద
కొత్త గీత పడింది,
పాతగీతలకి అడ్డంగా.