గాడిలోని పేరు

శువైఖ్‌లో టైర్ల అంగళ్ళ నడుమ మా షాపు.
బయట అద్దం మీద ఎర్రదుమ్ము, లోపల లేజర్ మిషను.
పొద్దున్నే మూత ఎత్తి లెన్సు తుడిచి
గోరంత ఎత్తు సరిచూసి ఫోకసు పెడతాను.
టీ ఆ తర్వాతే.

అక్రిలిక్ రెండు రకాలు.
పోత పోసింది చెక్కితే మంచులా తెల్లబడుతుంది.
సాగదీసింది చెక్కితే
నీళ్ళలో ఉప్పులా కరిగి ఏమీ తెలీనట్టు ఉంటుంది.
ముదీర్ రెండోది కొంటాడు, చవక.
గిరాకీకి తేడా తెలీదంటాడు.
దీపం వేస్తే తెలుస్తుంది.

అడుగున చెక్క దిమ్మె, దిమ్మెలో గాడి, గాడిలో ఎల్ఈడీ పట్టీ.
పలక అంచులోంచి దూరిన వెలుగు
లోలోపలే పరిగెత్తుతుంది, ఎవరికీ కనపడదు,
గీత తగిలిన చోట బయటపడుతుంది.
గాయమే వెలుగు అని ఎవరైనా రాసుకుంటే రాసుకోనీ.
నేను రోజుకు నలభై పలకలు గీస్తాను.
పొరపాటున గోరు గీసుకున్నా అంతే బాగా వెలుగుతుంది,
ఆ పలక మాత్రం నా జీతంలోంచి పోతుంది.

నాకు అరబ్బీ రాదు.
హమ్దీ టైపు చేసిచ్చిన పేరును
అద్దంలోలా తిప్పి వెనకవైపు చెక్కుతాను.
తిప్పితే అరబ్బీ కూడా
ఎడమ నుంచి కుడికి నడుస్తుంది,
ఒకటో తరగతిలో మేం పలక మీద దిద్దినట్టు.

ఆ మధ్యాహ్నం పక్క అంగట్లో
ఏదో పెద్ద కారుకు నాలుగు టైర్లూ మారుస్తున్నారు.
రోడ్డు దాటి వచ్చింది ఆమె, నల్లటి అబాయా, చేతిలో పిల్ల బొమ్మ సంచి.
"అన్నా, ఫోన్లో మాట్లాడ్తాంటే విన్యా. రాయచోటా?"
"సుండుపల్లె."
"మాది సంబేపల్లె. మస్తాన్‌బీ."
అంతే పరిచయం. టైము లేదు.

"దలాల్‌కు ఏడేండ్లు నిండుతాయి.
నలభై దినాల బిడ్డప్పుడు నా చేతికిచ్చినారు.
చీకటంటే దానికి బయం. రాత్రంతా వెలిగేది కావల్ల."
పన్నెండు దినార్లన్నాను.
అరలూ పావులూ కలిపి లెక్కపెట్టింది, రెండుసార్లు.
ముదీర్ లేడు. పోతపోసిన ముక్క ఒకటి
నా బీరువా వెనక దాచిపెట్టుకున్నది తీశాను.

మిషను నడుస్తుంటే కాలిన వాసన, ఫ్యాను మోత.
ఆమె అద్దానికి ముక్కు ఆనించి చూసింది.
"నా పేరు కూడా యాడన్నా రాయన్నా.
కనపడకుండా. తెలుగులో."

కనపడకుండా అంటే ఒకటే జాగా:
గాడిలోకి దిగే అడుగు అంచు.
దిమ్మె మూసేస్తుంది. ఎవరూ ఊడదీసి చూడరు.
బియ్యపు గింజంత అక్షరాలు.
సకారం కింది తవత్తు పూడిపోకుండా
పవరు తగ్గించి, వేగం పెంచి, రెండుసార్లు పోనిచ్చాను.
తిప్పి చెక్కాను గనుక
తెలుగు కుడి నుంచి ఎడమకు పోయింది,
పైన అరబ్బీ ఎడమ నుంచి కుడికి వస్తోంది.
ఒకరి దారిలో ఒకరు.

ఒక సంగతి ఆమెకు చెప్పలేదు.
పట్టీ అడుగునే ఉంది కదా,
దలాల్ దాకా పోయే వెలుగు
ముందు మస్తాన్‌బీని దాటుకుని పోవాలి.
కొంత అక్కడే ఆగిపోతుంది.

డ్రైవరు హారన్ కొట్టాడు.
పెట్టెకు టేపు వేసేలోపు ముదీర్ వచ్చి
దీపం వెలిగించి చూశాడు, కళ్ళు చిన్నవి చేసి.
"నడిమి అక్షరం కాడ మసగ్గా ఉంది. ఎల్ఈడీ వీకా?"
వీకే అన్నాను.
మార్చమన్నాడు. సరేనని
టేపు ఇంకో చుట్టు చుట్టి ఆమె చేతికిచ్చాను.