దేనికి స్టార్ పెట్టుకోవాలె

అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు,
రేకుల కప్పు కింద నూట నలభై మంది.
తిరిగే ఫ్యాను ఒక్కటే, అదీ నా నెత్తిమీద.
బోర్డు మీద మధ్యధరా సముద్రం గీశాను.
ఎన్నిసార్లు గీసినా
అది హుస్సేన్‌సాగర్‌లాగే వస్తుంది.

చుట్టూ రోము సుబాలు.
ప్రావిన్సు అని పుస్తకంలో ఉంటుంది,
నా నోటికి మా తాత మాటే వస్తుంది.
ఆయన తాలూకా కచేరీలో నకళ్ళు రాసేవాడు,
నిజాం పోయిన పాతికేళ్ళకు కూడా
వరంగల్‌ని సుబా అనే పిలిచేవాడు.

వెనక వరసలోంచి మక్తల్ పిల్లగాడు, బీరలింగం, లేచాడు.
"సార్, వీట్ల ఏది ఇంపార్టెంటు?
దేనికి స్టార్ పెట్టుకోవాలె?"
అందరూ నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.
తెల్లబట్టల సెనేటర్లు కూడా
భోజనానికి కూర్చునే ముందు అడిగింది అదేగా.

ఈజిప్టుకి పెట్టు, అన్నాను.
ఏడాదిలో నాలుగు నెలల తిండి అక్కడిది.
ఆఫ్రికాది ఎనిమిది నెలలది.
"అట్లయితే ఆఫ్రికానే పెద్దది గద సార్?"
పెద్దదే. కానీ చక్రవర్తి భయమంతా ఈజిప్టు మీద.
ఆయన చెప్పనిదే సెనేటరు అక్కడ కాలు పెట్టరాదు.
బియ్యం డబ్బా తాళంచెవి
బొడ్లో దోపుకుని పడుకునే అత్తగారి సంగతి తెలుసు కదా.

స్పెయిన్‌కి వెండి, నూనె.
తాగి పారేసిన నూనె కూజాల పెంకులు
రోములో ఒక గుట్టే అయ్యాయి.
పక్క బెంచీ అమ్మాయి మెల్లగా అంది,
"మా జవహర్‌నగర్ గుట్ట లెక్క."
డేసియాలో బంగారం తవ్వుకున్నారు,
కాపలా బరువైన రోజున
నదికి ఇవతలికి వచ్చేశారు.
సిసిలీ అన్నిటికంటే ముందుది.
ముందు వచ్చినవాళ్ళని పరీక్షల్లో తప్ప ఎవరు తలుచుకుంటారు?

బ్రిటన్‌కి?
మూడు పెద్ద సైన్యాలు, ఆగని వాన, కొంచెం సీసం.
చారాణా కోడికి బారాణా మసాలా.

"మరి మనది ఎన్నో నంబరు సార్?"
మనం ఆ జాబితాలో లేం, బీరలింగం.
ఆదివారం పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకి పో.
అద్దం వెనక గోరంత బంగారు నాణెం ఉంటుంది,
మన మట్టిలో దొరికినదే.
సన్నబట్టకో మిరియాలకో
సముద్రం దాటి నడిచి వచ్చింది.
చక్రవర్తి చెంప మీద ఒక గాటు.
ఎందుకు పెట్టారో ఎవరూ తేల్చలేదు.
నేననుకుంటాను,
ఎవరో మన కంసాలి ఉలి తీసి
లోపల కూడా నువ్వేనా అని అడిగాడని.

పది దాటాక కరెంటు పోయింది.
సెల్‌ఫోన్ల వెలుతురులో మెట్లు దిగాం.
ఇడ్లీ బండి దగ్గర నా పక్కనే వచ్చి నిలబడ్డాడు.
"సార్, కృష్ణ మా ఊరి పక్కపొంటే పోతది.
మా అమ్మ కోకాపేటల
ముప్పై నాలుగో అంతస్తుకు ఇసుక మోస్తది.
మరి ఈ పట్నానికి మేమేమైతం?
గోధుమలమా, వెండా,
లేకుంటే ఉత్త వానేనా?"

ఏదో చెప్పబోయాను.
చట్నీ అయిపోయింది, కారప్పొడి వేయాలా,
అన్నాడు బండి ఆయన.
వేయమన్నాను. అంత కారం నాకు పడదు,
అయినా తిన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

బీరలింగం ప్లేటు కడిగి బోర్లించాడు.
చిక్కడపల్లి వైపు నాలుగడుగులు వేసి
మళ్ళీ వెనక్కి వచ్చాడు.
"రేపు బ్రిటన్ ఇంకోసారి చెప్పుండ్రి సార్.
ఖర్చు ఎక్కువైందని రోమోళ్ళు పోయినంక
ఆడున్నోళ్ళు ఏం జేసుకున్నరో,
అది మన సిలబస్‌ల ఉందా?"