ఇంకో రెండు నిమిషాలు

రాత్రి తొమ్మిదిన్నర. పుదుపేటలో షట్టర్లు దిగినాయి.
నా షెడ్డులో ఒకటే బల్బు,
దాని కింద నిరంజన్ ఫోను,
ఫోనులో ఒక స్టాండర్డ్ హెరాల్డు.
మీగడ రంగు. ఎర్ర సీట్లు.
ఫోటోలు నలభై మూడు,
కింద పడుకుని తీసింది ఒక్కటీ లేదు.

"ఎట్లుండాది నాయుడు మామా?"

కళ్ళజోడు చొక్కాకు తుడుచుకుంటా.
ఎడమ తలుపు కింది అంచు దగ్గర నా వేలు ఆగిపోతుంది.

బజారు ఇప్పుడు కాలిన పెనం, అబ్బయా.
టీ గ్లాసు కింద పెట్టుకునే నా పాత హబ్ క్యాపు
పోయిన వారం ఒకాయన నాలుగు వేలిచ్చి పట్టుకుపోయినాడు.
మరక తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు,
"అది అట్లనే ఉండనీ."

ఆరు లక్షల నలభై.
పాటలో ఎవరికీ పేర్లు లేవు, నంబర్లే.
మావాడు నాలుగు. అవతల ఒక పదిహేడు,
బెంగుళూరో, కోయంబత్తూరో, పక్క వీధో.
వాడు నిద్రపోతున్నట్టే ఉంటాడు,
గడియారంలో తొమ్మిది సెకన్లుండగా లేస్తాడు.
ఏడు లక్షలు.
పోయే ప్రాణానికి గంజి పోసినట్టు
గడియారానికి ఇంకో రెండు నిమిషాలు.

మా కాలంలో వేలంపాటంటే మనిషి మొహం కనబడేది.
ఎదుటివాడి గొంతు ఎక్కడ తడారుతుందో చూసి ఆగేవాళ్ళం.
ఇక్కడ తడారేది మావాడి గొంతే.
నా చెంబులో నీళ్ళన్నీ తాగేసినాడు.

"ఒకే కుటుంబం వాడిన బండి,
అంతా ఒరిజినల్" అని రాసుండారు.

తొంభై ఆరు వానలకు
వేపేరి పళ్ళ డాక్టరు గేటు ముందు
స్టీరింగు దాకా మునిగిన బండి అది.
తాళంచెవి నా చేతిలో పెట్టి
"ఇనుం కింద తీసుకో" అని ఆటో ఎక్కినాడు.
కాటా మీద పెట్టి తూచిన బండి.

తలుపు వేరే బండిది.
బానెట్టు, అదే, ముక్కుతో సహా మొసలి నోరులా తెరుచుకుంటుందే,
అది తాంబరం దగ్గర లారీ గుద్దిన ఇంకో దానిది.
కిందిరేకు తుప్పుకు తినేసింటే
పామోలిన్ డబ్బాలు కోసి అతికించినా.
మూడు డబ్బాలు.
కాళ్ళు పెట్టుకునేచోట కార్పెట్టు ఎత్తితే
నూనె కంపెనీ తాటిచెట్టు బొమ్మ ఉంటుంది,
ఉండాల.
ముప్పై రెండు వేలకు అమ్మి వెల్డింగు సెట్టు కొన్నా.
అదుగో, ఆ మూలది.

చెప్పాలా?
చెప్తే పిల్లోడి డబ్బు మిగులుతుంది.
చెప్పకపోతే ఆర్నెల్లు నాకు పని.
ఈ లెక్క వేస్తున్నందుకు నాకే సిగ్గేసి
చెప్పేసినా. డాక్టరూ, కాటా, డబ్బాలూ, అన్నీ.

నిరంజన్ నోరు తెరిచినాడు.
కళ్ళలో వెలుగు చూసి నాకు భయమేసింది.
"అంటే ఇది మీ చేత్తో చేసిందా మామా?
తాటిచెట్టు ఇంకా ఉంటుందంటారా?"
ఎనిమిది లక్షల యాభై.

నెత్తి కొట్టుకోవాల్సిన మాట వాస్తవమే.
కానీ ఆ తలుపు అంచు,
అది సుత్తితో కాదు, అరచేత్తో లాగిన వంపు.
ఇరవై తొమ్మిదేళ్ళయింది. పగుల్లేదు. పుట్టీ ఊడలేదు.
ఇంత దగ్గరగా దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు.

పదిహేడు లేచినాడు. తొమ్మిది లక్షలు.
నిరంజన్ బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది.
ఇల్లు గుర్తొచ్చిందో, కంతులు గుర్తొచ్చినాయో.
నలభై సెకన్లు.
బయట కుక్క ఒకటి రేకుల మీద నడుస్తా ఉండాది.
ఇరవై.

"వెయ్యి" అన్నా.

ఒకప్పుడు నా నోట ఆ మాటొస్తే
అది పెద్ద మొత్తం.

వాడు నా మొహం చూసినాడు.
గడియారం మళ్ళీ
రెండు నిమిషాలకు పోయింది.